సారుకు నేను అక్కను

తెర మీద ముసలావిడ పట్టుచీర కట్టుకుని, తల నిండా మల్లెపూలు పెట్టుకుని, మతిమరుపు మొగుడికి జావ తాగిస్తోంది. ఒక్క చుక్క కూడా చీర మీద పడలేదు. ఈ సినిమా తీసినవాళ్లలో జావ తాగించిన మనిషి ఒక్కరూ లేరని నాకు అర్థమైపోయింది. నా పక్కన జెస్సీ అప్పటికే ముక్కు చీదుతోంది.

జెస్సీ మా అన్న కొడుకు వినయ్ పెళ్లాం. ఇద్దరూ నంద్యాలలో ఉంటారు. "అత్తా, అచ్చం మీ ఇద్దరి కతే. మామను తీసుకొని రా, చూస్తే ధైర్యం వస్తాది" అని ఆళ్లగడ్డలో మా ఇంటికి కారేసుకొచ్చి, మమ్మల్ని ఎక్కించుకుపోయి మ్యాట్నీలో కూర్చోబెట్టారు. మా బతుకును మాకే టికెట్టు కొని చూపించే తెలివి వీళ్లకు తప్ప ఇంకెవరికీ రాదు.

మా ఆయన యేసురత్నం బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. పెళ్లయిన రోజు నుంచీ ఆయన్ని సారు అనే పిలిచాను. మాకు పిల్లలు లేరు. నాలుగేళ్ల కిందట మతిమరుపు మొదలైంది, ఏడాదిగా నన్ను గుర్తుపట్టడం లేదు. దాన్ని ఎట్లాగో తట్టుకున్నాను. నా వల్ల కానిది ఆయన మర్యాద. పంచె మార్చబోతే, "అమ్మా, నువ్వెవురో నాకు తెల్దు. నా భార్య లేనప్పుడు నువ్వీడికి రాగూడదు" అని తలుపు చూపించేవాడు. మూడు రోజులు తడి పంచెతోనే కూర్చుని తొడలు ఒరిసి పుండ్లు పడ్డాయి. ఇట్లాంటివి సినిమావాళ్లకు పనికిరావు.

నాలుగో రోజు నేను ఆయన అక్క సుగుణమ్మనని చెప్పాను. ఆమె చనిపోయి పదేళ్లు. చిన్నప్పుడు ఆయనకు నీళ్లు పోసి పెంచింది ఆమే. "ఒరేయ్ రత్నం, లెయ్" అన్నాను. నలభై ఏడేళ్లు సారు అన్న నోటితో ఆ మాట అనడానికి చచ్చినంత పనైంది. ఆయన మాత్రం బుద్ధిగా లేచి చేతులెత్తాడు. అప్పటినుంచీ ఇంట్లో నేను సుగుణమ్మనే. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.

సినిమా చివర్లో వాన కురిసింది. తెర మీది ముసలాయనకు ఉన్నట్టుండి పెళ్లాం పేరు గుర్తొచ్చింది. హాలంతా చప్పట్లు. మతి కూడా వానకు మొలకెత్తుతుందని నాకు ఇన్నాళ్లూ తెలియకపోయె.

బయటికి రాగానే సారు కాళ్లు దగ్గరికి ముడుచుకుని అటూ ఇటూ చూశాడు. అదేమిటో నాకు తెలుసు. బాత్‌రూమ్ వైపు తీసుకుపోదామని చెయ్యి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే జెస్సీ కళ్లు తుడుచుకుంటూ అడ్డమొచ్చింది.

"మామా, ఈమె ఎవురో చెప్పు?"

"మా సుగుణక్క."

"అయ్యో, అక్క గాదు మామా! నీ భార్య, హన్నమ్మత్త! సుగుణమ్మ ఎప్పుడో చనిపోయింది గదా!"

"నువ్వు నోరు ముయ్" అన్నాను. అది వింటేగా! ఫోన్లో మా పెళ్లి ఫోటో తీసి ఆయన ముఖానికి ఆనించింది. వినయ్ తన ఫోన్ ఎత్తి వీడియో పట్టాడు. గుర్తొస్తుందట, మేమిద్దరం కావలించుకుంటామట. వెధవలు!

సారు ఫోటో చూశాడు, నన్ను చూశాడు. చెయ్యి లాక్కున్నాడు.

"మరి నువ్వెవురమ్మా? మా అక్కనని ఎందుకు చెప్తివి?"

భయంతో గోడకు ఆనుకుపోయాడు. ప్యాంటు తడిసి చెప్పుల దాకా కారింది. జనం ఆగి చూస్తున్నారు. వినయ్ ఫోన్ దించి, "దా మామా, నేను మారుస్తా" అని దగ్గరికి పోతే సారు మోచేత్తో తోసేశాడు.

"ఒరేయ్ రత్నం!" అని అరిచాను. "ఆ పిల్లకేం తెల్సురా, సినిమా చూసి పిచ్చిపట్టింది. నేను మీ అక్కనే."

"హన్నమ్మవు గాదా?"

"కాదు."

"దేవుని మీద ఒట్టేసి చెప్పు."

ముప్పై ఏళ్లు సండే స్కూల్లో పిల్లలకు ఒట్టు పెట్టుకోవడం పాపమని నేర్పినదాన్ని. ఆ పిల్లల్లో ఒకడు ఒట్టేస్తే గోడకుర్చీ వేయించినదాన్ని.

"దేవుని తోడు, నేను నీ పెండ్లాన్ని కాదు" అన్నాను.

జెస్సీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సినిమాలో ఏడ్చినట్టు కాదు, ఈసారి నిజంగా బిత్తరపోయింది. దాని మీద నాకు జాలి కలగలేదు.

సారు మెల్లగా చెయ్యి ఇచ్చాడు. వినయ్‌ని మగవాళ్ల బాత్‌రూమ్ గుమ్మం దగ్గర కాపలా పెట్టి, లోపలికి తీసుకుపోయాను. సంచిలోంచి పొడి ప్యాంటు తీసి, తడిది విప్పి, కాళ్లు కడిగాను. ఆయన నా భుజం పట్టుకుని నిలబడి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అక్కా, నేనిట్ల తడుపుకున్న్యానని హన్నమ్మకు చెప్పొద్దు. ఆమె నన్ను సారు అంటాది."

"చెప్పన్లే నాయనా," అన్నాను. "కాలెత్తు."