పానాల పెట్టె

ఉతికిన నీలం చొక్కా తొడుక్కుని, మెకానిక్కు ట్రాక్టర్ల షోరూం గుమ్మం పక్కన తన కుర్చీలో కూర్చున్నాడు. డబ్బాలోని గ్రీజు కాస్త తీసి, ముఖానికి పౌడరు అద్దుకున్నంత శ్రద్ధగా గోళ్ల సందుల్లోకి ఎక్కించుకున్నాడు. చేతులు మరీ తెల్లగా కనబడకూడదని యజమాని ఆజ్ఞ.

వెనక రిపేరు షెడ్డుకు తాళం పడి చాలాకాలమైంది. అందులో లాభం లేదని యజమాని పనివాళ్లందరినీ పంపేసి, చూపించడానికి ఇతనొక్కడిని ఉంచుకున్నాడు. ట్రాక్టరు కొనేవాళ్లు బండికంటే ముందు మెకానిక్కును చూసుకుంటారని ఆయనకు బాగా తెలుసు. ఒకప్పుడు బురద పొలాల్లో వెల్లకిలా పడుకుని ఇంజన్లు విప్పిన మనిషి, ఇప్పుడు నమస్కారాలు పెట్టి జీతం తీసుకుంటున్నాడు. తలుచుకుంటే సిగ్గేసేది. కానీ ఈ వయసులో ఇంకెవరు పనిస్తారు?

ఆ మధ్యాహ్నం పాత ఖాతాదారు కూతురు వచ్చింది. తండ్రి పోయాక సేద్యమంతా ఆమె నెత్తినే పడింది. అప్పటికే ఊళ్లో ఉన్న షోరూములన్నీ తిరిగిందట. రంగులూ రాయితీలూ ఎవరైనా ఇస్తారు, దుక్కి మధ్యలో బండి మొరాయిస్తే పరుగెత్తుకొచ్చే మనిషి ఎక్కడుంటే అక్కడే కొంటానంది.

"మా నాన్న బండికి వచ్చినట్టు, కబురు పెడితే నాకూ వస్తావా బాబాయ్? నీ మాట మీదే కొంటున్నా."

యజమాని పక్కనే నిలబడి నవ్వుతున్నాడు.

"వస్తానమ్మా," అన్నాడు మెకానిక్కు.

అన్నాడేగాని, యజమాని తనను ఏ పొలానికీ పంపడని అతనికి తెలుసు. లేచి వెళ్లి షెడ్డు తాళం తీశాడు. ఇన్నేళ్లూ భుజాన మోసిన పానాల పెట్టె తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

"ఇది నీ దగ్గరే ఉంచుకో తల్లీ. నాకింక దీంతో పనిలేదు."

పానాలు వదులుకున్న మెకానిక్కు రేపు పొలానికి ఏం వస్తాడు? రైతుబిడ్డ కదా, ఆ మాత్రం పోల్చుకుంటుందని ఆశపడ్డాడు. ఆమె కళ్లు చెమర్చాయి. ఇంత ఆపేక్ష ఉన్న చోటు ఇంకెక్కడ దొరుకుతుందని యజమానితో అని, అక్కడికక్కడే సంతకం పెట్టేసింది.

అతను మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. కొత్త బండి గేటు దాటుతుంటే ఆమె చెయ్యి ఊపింది. బదులు లేకపోతే, కునుకు పట్టిందనుకుంది. సాయంత్రం షట్టరు దించే ముందు యజమాని విసుగ్గా భుజం తట్టేదాకా, అతని ప్రాణం పోయిన సంగతి ఎవరికీ తెలియలేదు. వారం తిరక్కుండానే మరో నీలం చొక్కా కుట్టించి షోరూం కాపలావాడికి తొడిగారు, గ్రీజు డబ్బా కూడా అతని చేతికే ఇచ్చారు.

పానాల పెట్టె మాత్రం ఆమె బండి సీటు వెనక, దుక్కిలో కుదుపు కుదుపుకూ గలగలమంటూ, మూత తీసేవాళ్లు లేక అలాగే ఉండిపోయింది.