మడమ దగ్గర బెజ్జం

రజనీకుమారి రాఖీ పట్టుకుని వైశాలి నగర్ మలుపు తిరిగేసరికి అన్నయ్య విగ్రహం ఏడుస్తోంది.

వాన వెలిసి గంట దాటింది. రోడ్డు ఆరుతోంది. హెడ్ కానిస్టేబుల్ సతీష్‌కుమార్ కంచురంగు చెంపల మీద మాత్రం రెండు సన్నని ధారలు దిగుతూనే ఉన్నాయి. చుట్టూ యాభై మంది మూగారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. విధి నిర్వహణలో పోయిన పోలీసుల విగ్రహాలకు అక్కచెల్లెళ్లు రాఖీ కట్టడం ఆ ప్రాంతంలో ఆనవాయితీ. ఆమెకు ఇది మొదటిసారి.

దిమ్మె ముందు కూలబడిన తల్లి జోగమ్మ ఆమె కొంగు పట్టుకుంది. "సూడే రజనీ! ఆడేడుత్తన్నాడే. మనోజ్‌ని కూడా తీసికెల్లిపోతాడంటన్నారే!"

మనోజ్ జోగమ్మ చిన్నకొడుకు, రజని తమ్ముడు.

"ఎవులన్నారమ్మా?"

"నాను అనలేదు దీదీ, పండితులోరన్నారు," అన్నాడు శ్యామసుందర్. అతను ఇసుక కాంట్రాక్టరు దగ్గర లెక్కలు చూసే మున్షీ. విగ్రహం చేయించి ఇచ్చింది ఆ కాంట్రాక్టరే. సతీష్‌ను తొక్కేసిన లారీ కూడా కాంట్రాక్టరుదే.

జనవరిలో నది వంతెన దగ్గర ఇసుక లారీల తనిఖీకి ఇద్దరుండాలి. రెండోవాణ్ణి ఓ అధికారి ఇంటి పెళ్లిపనికి పంపేశారు. సతీష్ ఒక్కడే లారీకి అడ్డంగా నిలబడ్డాడు. పడిపోయాక చెల్లెలికి ఫోను చేసి, "లారీ నంబరు రాసుకో" అన్నాడు. గ్యాసు రసీదు వెనక ఆమె రాసుకుంది. ఆ తరువాత ఊపిరి మాత్రమే వినిపించింది. అది ఆగాక కూడా చాలాసేపు ఆమె ఫోను పెట్టేయలేకపోయింది. ఎల్లుండి దుర్గ్ కోర్టులో ఆమె సాక్ష్యం. నంబరు విన్న మనిషి ఆమె ఒక్కతే.

"అకాల మరణం కదా! కోర్టుల సుట్టూ తిప్పుతున్నారని భయ్యా ఆత్మ ఏడుత్తందట. నంబరు సరిగ్గా యినబడలేదని ఈ కాగితం మీద సంతకం పెట్టేత్తే శాంతి." శ్యామసుందర్ జోగమ్మ వైపు వంగి, మరింత మెత్తగా అడిగాడు. "పిన్నీ, మనోజ్ కోచింగ్ నించి పవర్ హౌస్ రోడ్డు మీదుగానే వత్తాడు కదా? స్కూటీ మీదేనా? ఆ రోడ్డులో లారీలెక్కువ."

రజని రాఖీని అరచేతిలో నలిపేసింది. దాని ఎరుపు వేళ్లకంటింది. నిజంగా అన్నయ్యే వద్దంటున్నాడేమో! బెదిరిన మనసు తనకు ముందుగా అందిన కారణాన్నే గట్టిగా పట్టుకుంటుంది.

అప్పుడు ఆమె తండ్రి గోపాలం గుంపును తప్పించుకుని ముందుకొచ్చాడు. ముప్పై రెండేళ్లు ఉక్కు కర్మాగారంలో పోతపని చేసి రిటైరైన మనిషి. చేతికర్రతో విగ్రహం బూటు మీద తట్టాడు. బరువైన చప్పుడు. మోకాలి మీద, ఛాతీ మీద అదే చప్పుడు. టోపీ మీద మాత్రం డొల్లగా మోగింది.

"ఫైబరు బొమ్మ. టోపీ అతుకులోంచి ఈ నెల్లాళ్ల వానా లోపలికి దిగింది. కళ్ల దాకా నిండిపోయి, కంటికాడ సన్న సిల్లుల్లోంచి కారతంది. నీరు పోడానికి మడమకాడ బెజ్జం పెట్టాల. పెట్టనేదు."

"నీకెలా తెలుసు నాన్నా?"

"నిలబెట్టిన్నాడే సూసినాను." గోపాలం తల దించుకున్నాడు. "ఇచ్చినోడికి ఎదురు సెప్పడమెందుకని నోరు మూసుకున్నాను."

రజని ఇంటికెళ్లి ఆయన పాత చేతి డ్రిల్లు తెచ్చింది. ఆయనకు మోకాళ్లు వంగవు. ఆమే మోకాళ్ల మీద కూర్చుంది.

"దేవుడికి సిల్లు పెడతారేటి?" ఎవరో అరిచారు.

"మా అన్నియ్య దేవుడు కాడు. పోలీసోడు," అంది రజని.

డ్రిల్లు రంగు మీద రెండుసార్లు జారింది. మూడోసారి దిగింది. మడమలోంచి మురికినీరు ఎగదన్ని ఆమె ఒళ్లంతా తడిపి, కొబ్బరి చిప్పలను రోడ్డు మీదికి నెట్టుకుపోయింది. చెంపల మీది ధారలు సన్నబడి ఆగిపోయాయి.

జనం నీటికి తప్పుకుని వెనక్కి జరిగారు. జోగమ్మ మాత్రం కొడుకు ముఖాన్నే చూస్తూ, "అయితే ఆడేడవనేదా?" అంది.



"నీల్ల సంగతి ఒగ్గేయండి దీదీ," శ్యామసుందర్ కాగితం చాపాడు. "సంతకం?"

రజని లేచి విగ్రహం చేతికి రాఖీ కట్టింది. ముడి రెండుసార్లు జారిపోయింది.

"పెట్టను." తన మాట తనకే వినిపించలేదు. మళ్లీ అంది. "పెట్టను శ్యామ్ భయ్యా. నాకు నంబరు సరిగ్గానే యినబడింది. నలభై ఏడు, ముప్పై ఒకటి."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోప్పడలేదు. ఎవరికో ఫోను చేస్తూ జీపు వైపు నడిచాడు.

ఒంటిగంటన్నర అయింది. మనోజ్ పన్నెండున్నరకే రావాలి. జోగమ్మ తన ఫోను తీసి కూతురి చేతిలో పెట్టింది. రజని మనోజ్ నంబరు నొక్కింది. గోపాలం కర్ర మీద వాలి పవర్ హౌస్ రోడ్డు వైపు చూస్తున్నాడు. మడమ దగ్గర నీరు ఇప్పుడు బొట్లు బొట్లుగా పడుతోంది.

రింగు వెళ్తూనే ఉంది.