నార్మలే మేడం

“గడ్డ లేచింది రొమ్ముల. కాళ్లకేమొచ్చిందే నీకు?” అంది దేవమ్మ, వరండాలో చిక్కుడుకాయలు తుంచుతూ. తడిబట్టల బకెట్‌తో డాబా మెట్ల మధ్యలో కూలబడిన కోడలికి వినపడాలనే గొంతు పెంచింది. స్వర్ణలతకు వినపడింది. జవాబు చెప్పడానికి ఊపిరి చాలలేదు. నాలుగు మెట్లెక్కి ఆగడం, మళ్లీ నాలుగెక్కి ఆగడం, మూడు నెలలుగా ఇదే వరస. మెట్టుగూడలోని ఆ ఇంట్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, పట్టించుకున్నవాళ్లూ లేరు.

డాక్టర్ అనుపమ మొదటిరోజే చెప్పింది. ఈ క్యాన్సర్ మందులు కొందరిలో గుండెను దెబ్బతీస్తాయని, మూడు నెలలకోసారి గుండెకు ఎకో స్కాన్ తీయించి చూసుకోవాలని, ముందే కనిపెడితే మాత్రలతో చాలామందికి సర్దుకుంటుందని. పక్కనే కూర్చున్న మొగుడు దయాకర్ తల ఊపి ఊపి విన్నాడు. తీరా ఎకో తేదీ లష్కర్ బోనాల పండుగ మర్నాడు పడింది. ఇంటినిండా చుట్టాలు. “గింతమందికి అన్నం ఎవలొండుతరు? వారం ఆగితే నీ గుండె ఏడికన్న ఉరుకుతదా?” అన్నాడు. చుట్టాలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముందురోజే బోనం ఎత్తుకుని నడుస్తూ గోడ పట్టుకుని నిలబడిపోతే, “నడువ్, అందరు సూస్తుండ్రు” అని అత్త మోచేత్తో పొడిచింది కూడా.

వారం రెండు వారాలైంది. ఎకో తీయించారా అని డాక్టర్ అడిగింది. “బయట తీయించినం మేడం. నార్మలే. కాయిదం ఇంట్ల మర్చిపోయిన” అన్నాడు దయాకర్, రెప్ప వేయకుండా. ఆ తర్వాత ఇంజెక్షన్‌కు వెళ్లిన ప్రతిసారీ అదే మాట. లేని కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? ఆయాసం వస్తోందా అని ఆమెను అడిగినా అతనే అందుకునేవాడు. “అస్సలు లేదు మేడం. ఇంట్ల పనంత తనే చేస్తది.” పెళ్లాన్ని మెచ్చుకుంటున్నాననే అనుకునేవాడేమో. పక్కనే కూర్చుని స్వర్ణలత కొంగు అంచు మడతలు పెట్టేది. నలుగురిలో మొగుడు అబద్ధాలకోరని తేలకూడదు, అంతే. దానికోసం తన గుండెను పణంగా పెడుతున్నానని ఆమెకు తెలియకపోలేదు.

ఇవాళ ఇంజెక్షన్‌కు బయల్దేరేసరికి ఆమె పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. ఆసుపత్రిలో డాక్టర్ వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. కాగితం సంగతి అడగనుకూడా లేదు, తిన్నగా ఎకో గదికి పంపేసింది. అక్కడ ఎకో తీసే జెరూషా అనే అమ్మాయి దయాకర్‌ను గుమ్మంలోనే ఆపింది. “లేడీస్ ఉంటరు సార్, బయట కూసోండ్రి.”

రొమ్ము ఆపరేషన్ కుట్ల మచ్చ పక్కన చల్లటి జెల్లీ రాస్తూ, “మెట్లెక్కుతే దమ్మొస్తదా అక్కా?” అని అడిగింది జెరూషా. స్వర్ణలత అలవాటు కొద్దీ కాసేపు ఆగింది, దయాకర్ చెప్తాడని. ఆ గదిలో అతను లేడు. “వస్తది” అంది. ఆ తర్వాత ఆగలేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదని, మూడు దిండ్లు ఎత్తుపెట్టుకుంటానని, పొయ్యి దగ్గర నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతాయని చెప్పింది. మందులు మొదలయ్యాక ఎకో ఎప్పుడు తీశారంటే, “తియ్యలే” అంది. ఏడుపొచ్చింది. జెరూషా ఆమె మోచేతి మీద చెయ్యి వేసి ఉంచింది.

మందులకు ముందు అరవై రెండు శాతం ఉన్న గుండె పంపింగ్ ముప్పై ఎనిమిదికి పడిపోయింది. “ముందే తెలిసుంటే మాత్రలతోనే సర్దుకునేదేమో. ఇప్పుడు ఎంత తిరిగొస్తుందో చెప్పలేను. క్యాన్సర్ ఇంజెక్షన్ కూడా ఆపాలి. ఇవాళే అడ్మిట్ అవ్వండి” అంది డాక్టర్. దయాకర్ భార్య వైపు తిరిగాడు. డాక్టర్ ముందు గొంతులో జాలి పోసుకున్నాడు.

“గింత తక్లీఫ్ ఉంటే నాకెందుకు చెప్పలే స్వర్ణా?”

ఆమె అతని వైపు చూడలేదు. “ఎకో తియ్యలే మేడం. ఈయన అబద్ధం చెప్పిండు. నేను ఇనుకుంట కూసున్న” అంది.

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. దయాకర్ చెవులు ఎర్రబడ్డాయి. అడ్మిషన్ కౌంటర్ దాకా వెంట నడుస్తూ, “బయటోళ్ల ముందర ఇజ్జత్ తీసినవ్” అని పళ్లు కొరికాడు. “నువ్వు పండుకుంటే అమ్మకు అన్నం ఎవలు పెడ్తరు?”

కౌంటర్లో అమ్మాయి ఆమె పేరు, వయసు రాసుకుంది. తలెత్తకుండానే, “పేషెంట్ వెంట ఎవరున్నారమ్మా?” అని అడిగింది. దయాకర్ ముందుకు వంగి తన పేరు చెప్పబోయాడు.

“ఎవ్వలు లేరు” అంది స్వర్ణలత.