వాసన లేని గది

దుప్పటి ఒక కొసను కిటికీ ఊచకు కట్టి, రెండో కొసను మెలి తిప్పుతూ పోతమ్మ వెనక్కి నడిచింది. పిండడానికి ఎదర ఇంకో మనిషి ఉంటే బాగుండును. లేదు కనుక ఆ ఊచే మనిషి. నీళ్ళు ముందు ధారగా, తరవాత బొట్లుగా బకెట్లో పడ్డాయి. ఎవరైనా అక్కడితో సరిపెట్టుకుంటారు. పోతమ్మకు అంతటితో తృప్తి ఉండదు. పిండిన దుప్పటిని పొడి తువ్వాల్లో చుట్టి, నేల మీద పరిచి, గోడ పట్టుకుని దాని మీదికెక్కి తొక్కింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. వాటి గోల ఆమె పట్టించుకోలేదు.

బయట తుపాను ముసురు. ఎండ మొహం చూసి చాలా రోజులైంది. అయినా వన్‌టౌన్‌లోని ఆ ఇరుకు సందులో ఎండ కాసినా పెద్ద ఒరిగేదేం లేదు. డాబా మీద తెల్లబట్ట ఆరేస్తే సాయంత్రానికి దాని నిండా పోర్టు నుంచి కొట్టుకొచ్చే నల్లటి బొగ్గు నుసి. అందుకని ఆ ఇంటి పెద్దావిడ నూరున్నీసా పడుకునే వెనకగదిలోనే గోడ నుంచి గోడకు తాళ్ళు కట్టింది పోతమ్మ. గుడ్డకీ గుడ్డకీ మధ్య చెయ్యి దూరేంత ఎడం. టేబుల్ ఫ్యాను నేల మీద, మొహం పైకి. వాన తెరిపిచ్చినప్పుడల్లా కిటికీ, తలుపూ తెరవడం, చినుకు పడగానే మూసెయ్యడం. రోజంతా ఇదే పని.

మంచం మీద నూరున్నీసా తల తిప్పింది. పక్షవాతం వచ్చి ఒక పక్కంతా పడిపోయింది. తెలియకుండానే పక్క తడిసిపోతుంది. నమాజు మాత్రం మానలేదు. పడుకునే, కనురెప్పలతోనే చేసుకుంటుంది. దానికి ఒంటి మీది గుడ్డ, కింది దుప్పటి శుభ్రంగా ఉండాలి.

“ఆరిందా పోతమ్మా? జొహర్ నమాజు వేళవుతోంది.”

“ఆరిపోతాది బీబమ్మా. ఫేనెట్టినాను కదా, తొందరెట్టకు.”

పొద్దున్న పోతమ్మ గడపలో అడుగు పెడుతుండగానే నూరున్నీసా కోడలు సమీనా ఒక మాట చెప్పింది. “మాహిరా వదిన మద్దేన్నం వస్తాదంట. గదిలో ఏ వాసనా లేకుండా చూడు.” మాహిరా నూరున్నీసా కూతురు. ఎలమంచిలిలో కాపురం. ఆ మాట విన్న దగ్గర్నుంచి పోతమ్మ గుండె కుదురుగా లేదు. కిందటి వానాకాలం సమీనా విసుక్కుంటూ, “ఇలా కంపు కొడితే అమ్మీని ఇక్కడ ఉంచలేం” అనేసింది. ముందుగదిలో ఆమె జాకెట్లు కుడుతుంది. వచ్చినవాళ్ళు ముక్కు చిట్లిస్తే గిరాకీ పోతుందని ఆమె బాధ. సమీనా ఆ మాట మర్నాటికే మరిచిపోయింది. పోతమ్మ మరిచిపోలేదు. ఆ రోజు నుంచి ఈ గదిలో వాసన రానివ్వకపోవడమే ఆమె బతుకైంది. వాసన వచ్చిందంటే బీబమ్మ వెళ్ళిపోతుంది. బీబమ్మ వెళ్ళిపోతే పోతమ్మకు ఈ ఊళ్ళో మాట్లాడ్డానికి మనిషి లేదు.

ఉన్నమాట చెప్పాలంటే ఎప్పుడూ పెద్దగా లేరు. మొగుడు కన్నబాబు గుజరాత్ బోట్ల మీద పనికని వెళ్ళి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. పిల్లలు నిలవలేదు. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగింది. ద్వారకా నగర్ వెళ్ళే బస్సెక్కితే పక్కసీటు దానంతటదే ఖాళీ అయ్యేది. ఇంటికెళ్ళి ఎంత తోముకున్నా మర్నాడు మళ్ళీ ఆ సీటు ఖాళీయే. ఊరందరికీ ఆమె చేపలు కావాలి, ఆమె అక్కర్లేదు. నూరున్నీసా ఒక్కతే గంప దింపించి, లోపలికి పిలిచి, మంచి గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, కాసేపు కూర్చోమనేది. తను మంచాన పడ్డాక, చూసుకోడానికి పోతమ్మను పిలవండని కూడా ఆమే అడిగింది.

కొత్తలో ఒక పొరపాటు జరిగింది. నమాజు గుడ్డలు మూడుసార్లు నీళ్ళు మార్చి జాడించమని నూరున్నీసా చెప్పింది. జాడించింది. అయినా పోతమ్మకు మనసొప్పలేదు. వాళ్ళ పేటలో మైలపడినదేదైనా పసుపునీళ్ళు తగిలితేనే శుద్ధి. పోనీ బీబమ్మకు ఇంకాస్త మంచిదే కదా అని తెల్ల దుపట్టాను పసుపునీళ్ళలో ముంచి తీసింది. అది కాస్తా నిమ్మపండు రంగుకు తిరిగింది. సమీనా తల కొట్టుకుంది. నూరున్నీసా మాత్రం కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, “పెళ్ళికూతుర్ని చేశావే నన్ను” అని, ఆ పచ్చటి దుపట్టాతోనే నమాజు చేసుకుంది.

దుప్పటి ఆరింది. పోతమ్మ కుట్ల దగ్గర చెయ్యి పెట్టి చూసింది. చెమ్మ దాక్కునేది అక్కడే. అంచులు ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఏమీ లేదు. నూరున్నీసా కొడుకు ఫిరోజ్ తెచ్చిన అత్తరు స్ప్రే బీరువా మీద కొత్తదిలాగే ఉంది. దాన్ని ఆమె ముట్టుకోదు. కంపు మీద సెంటు కొడితే అనుమానం ఇంకా పెరుగుతుందని గంప మోసిన మనిషికి ఒకరు చెప్పాలా? పక్క మార్చింది, బట్టలు మార్చింది, తలకు దుపట్టా సర్ది బయట కూర్చుంది. లోపల నూరున్నీసా పెదాలు కదులుతున్నాయి.

మాహిరా కారులో వచ్చింది. గుమ్మంలోనే ఆగి గాలి పీల్చింది. మంచం దగ్గరికెళ్ళి దుప్పటి మీద చెయ్యి వేసింది, వంగి తల్లి మెడ దగ్గర ముద్దు పెట్టుకుంది. పోతమ్మ తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడింది.

“అసలేం వాసన లేదే!” అంది మాహిరా ఆశ్చర్యంగా.

పోతమ్మ ఊపిరి వదిలింది. గెలిచాననుకుంది.

“సెప్పాను కదా వదినా, నువ్వే నమ్మలేదు” అంది సమీనా.

“మా అత్తగారు ఒప్పుకోరనే ఇన్నాళ్ళూ అడగలేదు. ఇలాగైతే ఆవిడకేం ఇబ్బంది?” మాహిరా తల్లి పక్కన మంచం మీద కూర్చుంది. “అమ్మీ, మా ఇంటికొచ్చేస్తావా? ఈరోజే తీసుకెళ్ళిపోతాను.”

నూరున్నీసా మొహం ఒక పక్కనే నవ్వగలదు. ఆ పక్కంతా నవ్వింది. కూతురి దగ్గర ఉండాలని ఆమె ఎన్నాళ్ళుగా అనుకుంటోందో పోతమ్మకు అప్పుడు తెలిసింది. ఎన్నడూ పైకి అనలేదు. అడిగితే కాదంటారని భయపడి ఉంటుంది. ఆ భయం పోతమ్మకు కొత్తది కాదు. అందుకే కోపం కూడా రాలేదు.

“పోతమ్మ కూడా వస్తుందా?” అంది నూరున్నీసా.

“అక్కడ పనమ్మాయి ఉంది కదా అమ్మీ.”

“తడిగుడ్డలు దగ్గరదగ్గరగా ఎయ్యకండమ్మా. ఫేను కిందనెట్టాల. కుట్లకాడ సెయ్యెట్టి సూడాల” అంది పోతమ్మ గబగబా.

“మెషిన్‌లోనే ఆరిపోతాయి, నువ్వేం దిగులుపడకు” అంది మాహిరా. మంచి మనసుతోనే అంది.

తాళ్ళ మీది గుడ్డలన్నీ మాహిరానే తీసి, ఒక్కొక్కటీ తడిమి సంచిలో పెట్టింది. ఆఖరుదాన్ని మాత్రం మళ్ళీ తాడు మీదే వేసింది. “ఇది తడిగా ఉంది. లోపల పెడితే అన్నిటికీ వాసనొస్తుంది.”

కారు దాకా పోతమ్మే ఒక పక్క పట్టుకుంది. నూరున్నీసా మంచి చేత్తో ఆమె అరచెయ్యి పట్టుకుని, తన ముక్కుకి ఆనించుకుని, వదిలింది.

“ఎల్లిరా బీబమ్మా.”

కారు సందు దాటింది. సమీనా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “ఇదంతా నీ చలవే పోతమ్మా. నువ్వే లేకపోతే వదిన తీసుకెళ్ళేదే కాదు.”

పోతమ్మ తలూపి వెనకగదిలోకి వచ్చింది. అక్కడ ఎవరూ లేరు కనుక ఏడ్చింది. తన చేతులతోనే సాగనంపింది. ఇలా అవుతుందని ముందే తెలిసుంటే ఒక్క దుప్పటి తడిగా మడతపెట్టేదా? పెట్టేది కాదు. ఆ సంగతి తెలిసే ఇంకా ఏడుపొచ్చింది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరో ఆపేసిన ఫ్యాను మళ్ళీ వేసింది. ఖాళీ తాళ్ళు కదిలాయి. చివరి తాడు మీద నూరున్నీసా దిండు గలీబు ఒక్కటే, గాలికి ఉబ్బుతూ, మూలకుట్టు దగ్గర ఇంకా చెమ్మగా.