కంప్యూటరుకు మిట్టమధ్యాహ్నపు మూర్ఛ

మాచర్లలో నాపరాళ్ల వ్యాపారి బసవపున్నయ్య ఆఫీసులోకి కంప్యూటరు దిగింది ఎనభై ఎనిమిది వేసవిలో. ఆ ఏడు ఎండ ఎలాంటిదంటే, కోళ్లు ఉడికిన గుడ్లే పెట్టాయి. ఆ వేడికి యంత్రం తట్టుకోలేదని గుంటూరు మెకానిక్ ఫరీద్ పెట్టె పైమూత ఊడదీసి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి వెళ్లాడు. మనుషులకు మాత్రం విసనకర్రలే గతి.

అంత రాజభోగం అనుభవిస్తూ కూడా దానికి రోజూ మధ్యాహ్నం మూర్ఛ. పొద్దున్నంతా లారీల బిల్లులు బుద్ధిగా కొట్టించుకునేది. ఆపరేటరు నిర్మల వెనకగదిలో క్యారేజీ విప్పి నాలుగు ముద్దలు తిని వచ్చేసరికి తెర మీద అక్షరాలు కొయ్యబారి ఉండేవి. ఏ మీట నొక్కినా ఉలకదు, పలకదు. పొద్దుటి పనంతా గంగలో కలిసేది.

ఫరీద్ రెండుసార్లు వచ్చి చూశాడు. అతనున్నంతసేపూ బసవపున్నయ్య భోజనం కూడా మానుకుని, ఆ చేతులకేసే చూస్తూ కాపలా కాశాడు. ఆ రెండు రోజులూ యంత్రానికి తుమ్ము కూడా రాలేదు.

చివరికి బసవపున్నయ్య తీర్పు చెప్పాడు. "అమ్మాయ్, ఇంకొక్కసారి ఆగిందా, పెట్టె గుంటూరుకి, నువ్వు ఇంటికి!"

ఇంటికి అంటే మళ్లీ మిరపకోతలకే. మర్నాడు నిర్మల క్యారేజీ విప్పకుండా వెనకగది తలుపు చాటున నిలబడింది.

బసవపున్నయ్య అటూ ఇటూ చూసి, పంచె ఎగ్గట్టి, నడుస్తున్న యంత్రంలో చెయ్యి పెట్టి, లోపల గుచ్చి ఉన్న ప్రింటరు కార్డును వేరుశనగ మొక్క పీకినట్టు పీకాడు. కండువాలో చుట్టి బనీను జేబులో దోపాడు. తెర అక్కడికక్కడే బిగుసుకుపోయింది.

"బాబాయ్!"

"ఏందమ్మాయ్ ఆ అరుపు? గుండె జారిపోలా?"

"జేబులో ఏంది?"

"కార్డు. చానా ఖరీదని ఆ ఫరీదే చెప్పలా? నేను అన్నానికి పోయినాక ఎవడన్నా ఎత్తుకుపోతే? పొలంలో మోటారు ఫ్యూజు జేబులో వేసుకోకుండా నేనేనాడన్నా ఇంటికి పోయానా?"

తిరిగొచ్చి ఎవరూ చూడకముందే మళ్లీ గుచ్చేవాడన్నమాట. యజమానిని పట్టుకుని హంతకుడివి నువ్వేనని ఎలా అంటుంది?

"ఆ ఫ్యూజు మోటారు ఆపి పీకుతారా బాబాయ్, నడుస్తుండగానే పీకుతారా?"

"నడిచేదాంట్లో చెయ్యి పెట్టడానికి నాకేమన్నా పిచ్చా..."

ఆయన తెర వంక చూశాడు, జేబు వంక చూశాడు, కాలాయేమోనని వేళ్లు కూడా చూసుకున్నాడు. తరవాత గొంతు తగ్గించాడు.

"ఫరీదుకి చెప్పబాకు. ఎవరికీ చెప్పబాకు."

"ఇక్కడ కూచుంటే చెప్పడానికి ఎవరున్నారు బాబాయ్? మిరపకోతకి పోతే మాత్రం చుట్టూ ముప్పైమంది ఆడోళ్లు. పొద్దుపోవద్దూ?"

బసవపున్నయ్య గబగబా కుర్చీ లాగాడు.

"కూచో తల్లీ, కూచో. నిన్నెవరు పొమ్మన్నారు? రేపట్నించి నేను అన్నానికి లేచేముందు పెట్టె ఆపెయ్." జేబు తడుముకున్నాడు. "కార్డు మాత్రం నాతోనే వస్తది."