హన్మవ్వ ముఖం మీద వెలుగు

బోధన్ దగ్గర చెరుకు కొట్టే హన్మవ్వకు సినిమా మోజేమీ లేదు. కిందటేడు కొడుకు బాలన్న చెరుకు లారీ కింద పడి చచ్చిపోయాడు. తాగి పడ్డాడని చెరుకు తోలించే గుత్తేదారు లింబయ్య ఒక్క ముక్కలో తేల్చేశాడు. బాలన్న జన్మలో చుక్క ముట్టి ఎరగడు. ఆ మాట ఎవరికి చెప్పుకున్నా చెవిన పెట్టినవాడు లేడు.

ఒకరోజు పొలం గట్టున కూర్చుని కొడుకును తలుచుకుని రాగం తీసి ఏడుస్తుంటే, షూటింగుకొచ్చిన డైరెక్టరు విన్నాడు.

"అవ్వా, మా సినిమాలో ఇలాగే ఏడుస్తారా?"

"నా ముఖం అందరికి కనవడ్తదా?"

"ఎందుకు కనపడదూ!" అన్నాడా పెద్దమనిషి.

మర్నాడు కెమెరా అతను వెండి కాగితం అంటించిన పెద్ద అట్ట చూపించాడు. "ఎండను దీంతో ముఖం మీదికి తిప్పుతామవ్వా. వెలుగు పడకపోతే తెర మీద ముఖం మసే."

హన్మవ్వను హీరోయిన్ రాధాకుమారి పక్కన నిలబెట్టి, చేతికి చెరుకు కత్తిచ్చి, చెరుకు కొట్టేటప్పుడు నిలబడ్డట్టే ఉండమన్నారు. చెరుకు కొట్టేవాళ్లు ఎండకు వీపు పెడతారు. ఆమె కూడా అలాగే పెట్టి, కడుపులో ఉన్నదంతా తోడి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని చూస్తే ఏముంది? అట్ట వెలుగంతా రాధాకుమారి ముఖం మీదే! ఆ పిల్ల ఊరికే పెదవులాడిస్తోంది. హన్మవ్వకు ఒళ్లు మండిపోయింది.

"ఏందయ్యా గిది? ఏడుపు నాది, వెలుగు ఆమెకా?"

"మీ గొంతు చాలవ్వా. ముఖం ఎవరిదైతేనేం?" అన్నాడు డైరెక్టరు.

"నీ నోట్లె మన్నువడ! కొడుకును వోగొట్టుకున్నది ఆమెనా, నేనా?"

గబగబా పోయి అట్టకు అడ్డంగా నిలబడింది. రాధాకుమారి ముఖం చటుక్కున నల్లబడింది.

"ఏడువు బిడ్డా, గిప్పుడేడువు. ముఖం ఎవరిదైతేంది?"

డైరెక్టరు చిందులు తొక్కాడు. పక్కకు లాగబోయినవాళ్లకు చేతిలోని చెరుకు కత్తి చూపించింది. పొద్దు వాలిపోతోంది. ఎండ పోతే ఈరోజు పనంతా దండగని కెమెరా అతను గొణిగాడు. డైరెక్టరు పళ్లు కొరికాడు.

"సరే, ఏడవండి! వెలుగు అవ్వ మీద పెట్టండి!"

అట్ట తిరిగింది. వెలుగు ఫెళ్లున ముఖాన కొట్టింది. కళ్లలో నీళ్లు కారుతున్నా హన్మవ్వ రెప్ప వాల్చలేదు. చూడటానికొచ్చిన జనమంతా ఆమెనే చూస్తున్నారు. కెమెరా తిరుగుతోంది. ఆమె మాత్రం ఏడవలేదు.

"నేను బాలన్న తల్లిని. నా కొడుకు తాగలే. లారీ నడిపినోడు తాగిండు. ఆనికి తాపిచ్చి తోలిచ్చినోడు గదో, గా గట్టు మీద నిలవడ్డడు, లింబయ్య. గా వెలుగు జర్ర గటు తిప్పుండ్రి!"