గీతలు తోమిన బ్రష్షు

నేను ఒక పళ్లు తోముకునే బ్రష్షును. ఆ పని చేసింది మూడు నెలలే అయినా, పుట్టింది అందుకే కాబట్టి అలాగే చెప్పుకుంటాను. ఏదో ఊళ్లో ఒక యంత్రం వేడి ప్లాస్టిక్కును అచ్చులో పోసి నాకు ఒళ్లు ఇచ్చింది. ఇంకో యంత్రం నీలం, తెలుపు కుచ్చులు గుచ్చింది. నన్ను పెట్టిన అట్ట మీద ఒక మనిషి నవ్వుతున్న బొమ్మ ఉండేది. అంత నవ్వు నేను చూసిన మనుషుల్లో ఎవరి ముఖానా కనబడలేదు.

విశాఖపట్నంలో, మూడో అంతస్తు ఫ్లాటులో, విశాలాక్షి గారి భర్త నోట్లో నా ఉద్యోగం మొదలైంది. ఆయన నన్ను బుగ్గన పెట్టుకునే పేపరు చదివేవారు, నురగతోనే లోకాన్ని తిట్టేవారు. నా కుచ్చులు పక్కలకు విరగబడ్డాక కూడా విశాలాక్షి గారు నన్ను పారేయలేదు. ఆ ఇంట్లో ఏదీ ఊరికే పోదు.

"పైడితల్లీ, ఇదిగో, పాతది పారేసి దీంతో తోము" అని వంటింటి సింకు కింద, యాసిడ్ సీసా పక్కన పెట్టారు.

పైడితల్లి ఆ ఇంట్లో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. మగడు పోయాడు, పిల్లలు లేరు. ఇంటి నిండా తెల్లటి టైల్స్. టైల్స్‌దేముంది, గుడ్డ పెడితే మెరుస్తాయి. మురికంతా వాటి మధ్య సందుల్లో చేరుతుంది. ఆ సందుల్లో నింపిన తెల్ల సిమెంటు గీతలను పైడితల్లి గొంతుక్కూచుని, ఒక్కొక్కటే పట్టుకుని తోమేది. వంటింట్లో జిడ్డు, స్నానాల గదిలో పాచి. అన్నిటికన్నా మొండిది పసుపు. శ్రావణ శుక్రవారాలు పేరంటానికి వచ్చినవాళ్ల పాదాలకు విశాలాక్షి గారు స్వయంగా పసుపు రాసేవారు. మగడు లేనిదని పైడితల్లిని ఆ పూట పెందలాడే పంపేసేవారు. పేరంటాళ్లు శనగలు పుచ్చుకుని వెళ్లిపోయాక, వాళ్ల పాదాల పసుపు గీతల్లో మిగిలేది. శనివారం పొద్దున ఆ పసుపు మీదికి మమ్మల్ని పిలిచేవారు.

సబ్బుకు పోకపోతే యాసిడ్. పోయగానే గీత బుసబుసా పొంగేది.

"చూశావా, మురికి ఎలా ఉడుకుతోందో!" అని విశాలాక్షి గారు మురిసిపోయేవారు.

పొంగేది మురికి కాదు, సిమెంటు. నా కుచ్చుల మొదట్లో ఇరుక్కునే తెల్ల పొడిని బట్టి నాకు తెలుసు. నోట్లో బతికాను గానీ నాకు నోరు లేదు. ఒకసారి రబ్బరు తొడుగులు కొన్నారు. తడికి నేను జారిపోతున్నానని పైడితల్లి తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత విశాలాక్షి గారు వాటితో గులాబీ కొమ్మలు కత్తిరించుకునేవారు.

కార్తీకంలో రేషను డిపోవాళ్లు కబురు చెప్పారు. రేషను కార్డులో పేరున్నవాళ్లంతా నెలాఖరులోగా మిషను మీద వేలిముద్ర వేయాలట. వేయకపోతే పేరు తీసేస్తారట. పైడితల్లి కార్డులో ఉన్నది ఒక్క పేరే. ఆ బియ్యంతోనే ఆమె పొయ్యి వెలిగేది.

మర్నాడు పనికి వచ్చి చెప్పింది. "ముద్ర పడనేదమ్మా. రెండు సేతుల ఏళ్లూ పెట్టించినాడు. ఒక్కటీ పడనేదు."

"మురికి పట్టుంటుంది. శుభ్రంగా కడుక్కుని వెళ్లు."

"డిపోవోడూ అదే అన్నాడమ్మా. ఏలు తోముకుని రాయే అన్నాడు."

విశాలాక్షి గారు పూజగదిలోకి వెళ్లారు. పైడితల్లి తన బొటనవేలిని కాసేపు చూసుకుని నన్ను అందుకుంది. నల్లబడ్డ గీత తోమితే తెల్లగా బయటపడుతుందని పదకొండేళ్లుగా ఆమెకు తెలుసు. వేలి గీతలు కూడా మురికి కిందే ఉన్నాయనుకుంది. సబ్బు రాసి నాతో తోమింది. నేను అటూ ఇటూ తిరిగి వెతికాను. టైల్ ఎంత నున్నగా ఉంటుందో ఆ వేలు అంత నున్నగా ఉంది. ఆమె ఇంకా గట్టిగా నొక్కింది. నా తెల్ల కుచ్చులు ఎర్రబడ్డాక ఆపింది.

ఆ సాయంత్రం నన్ను బొడ్లో దోపుకుని డిపోకు వెళ్లింది. మళ్లీ తోముకోమంటే అక్కడే తోముకోవచ్చని కాబోలు. మిషను మళ్లీ ఎర్ర దీపం చూపించింది.

"ఏటే పైడితల్లీ, గీతలు కన్నోరింటికాడ మర్సిపోనావేటి?" అన్నాడు డిపో అతను.

వరుసలోవాళ్లు నవ్వారు. పైడితల్లి కూడా నవ్వింది.

"ఏలికి బదులు కన్ను సూసే మిషనుందంట కద బాబూ?"

"అది బాగుసేతకెళ్లింది. ముందు ఆ నెత్తురు తుడు, మిషనుకంటుకుంటాది. ఎల్లుండే ఆకరు."

ఆ ఎల్లుండి మా ఇంటికి టైల్స్ మేస్త్రీ సన్యాసిరావు వచ్చాడు. మా వంటింటి నీళ్లు దిగి కింది ఫ్లాటు కప్పు చెమర్చిందట. అతను సందులో మేకు పెట్టి గీకాడు. మేకు సులువుగా దిగిపోయింది.

"యాసిడ్ ఎవులేసినారమ్మా? గీతలన్నీ తినేసింది."

విశాలాక్షి గారు పైడితల్లి వైపు చూశారు. "అంత గట్టిగా తోమమని నేనన్నానా?"

మేస్త్రీ పొడి కలిపి మధ్యాహ్నానికల్లా సందులన్నీ కొత్తగా నింపేశాడు. ఇక మీదట సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ తప్ప ఏదీ తగలనివ్వొద్దని చెప్పాడు.

"విన్నావా? ఇంక యాసిడ్ ముట్టుకోకు. గీతలు మళ్లీ పోతే ఊరుకోను" అని విశాలాక్షి గారు భోజనానికి వెళ్లారు.

మేస్త్రీ తాపీ కడుక్కుంటుంటే పైడితల్లి దగ్గరగా వచ్చి కూచుంది.

"బాబూ, ఏలికి కూడా గీతలు ఎయ్యగలవేటి?"

అతను పకపకా నవ్వాడు. ఆమె చాపిన వేలు చూసి నవ్వు ఆపాడు. తన బొటనవేలు ఎత్తి ఆమె ముందు పెట్టాడు. సిమెంటుకు పొక్కి, తెల్లబడి, అదీ నున్నగా ఉంది.

"నాదీ పడదు పిన్నీ. నా పేరు తీసేసినా మా ఆడది ఏస్తాది, బియ్యం వొస్తాయి."

"నాకెవులున్నారు బాబూ?"

మేస్త్రీ తాపీ తుడుచుకున్నాడు. సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. గడప దగ్గర అతను వదిలేసిన డబ్బా మూతలో మిగిలిన సిమెంటు ముద్ద పచ్చిగా ఉంది. పైడితల్లి అటూ ఇటూ చూసి, దాని మీద బొటనవేలు నొక్కింది. తీసి, వెలుతురుకు పెట్టి చూసింది. చెంచాతో నొక్కినట్టు నున్నటి గుంట పడింది, అంతే. ఇంకోసారి నొక్కలేదు. నన్నూ, యాసిడ్ సీసానూ, మూతతో సహా ఆ ముద్దనూ కలిపి చెత్తబుట్టలో వేసి, కొత్త గీతల మీద అడుగు పడకుండా నడుచుకుంటూ వెళ్లిపోయింది. డిపో మూసేలోగా ఇంకోసారి వెళ్లిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు నేను ఊరి బయట చెత్తకుప్పలో ఉన్నాను. పక్కనే ఆ ముద్ద గట్టిపడి రాయైంది. మొన్న ఒక పంది మూతితో దొర్లించి చూసి వదిలేసింది. రెండు వానలు పడినా ఆ గుంట చెరగలేదు. చూసినవాళ్లు ఎవరూ అది ఎవరిదో చెప్పలేరు. నేను చెప్పగలను. అది పైడితల్లిది.